గండి దాటని సొరబుర్ర

నేను ఒక సొరబుర్రను. కూరకు పనికొచ్చే జాతి కాదు నాది, చేదు సొర. మా తీగ మొలిచిందని తెలియగానే మనుషులు పీకి పారేస్తారు. ఎర్రమల కొండల అంచున, పెన్నేటి గండికి దగ్గరగా, ఒక గొర్రెల దొడ్డి కంపకు అల్లుకున్న మా తీగను మాత్రం పుల్లమ్మ పీకనీయలేదు. ఆమె మొగుడు మద్దిలేటి గొర్రెల కాపరి. పొద్దున్నే మందను తోలుకుని కొండెక్కితే మళ్ళీ పొద్దుగూకే వేళకే దిగేవాడు. ఎండాకాలం ఆ కొండల మీద నీడ అనేది గొర్రె పొట్ట కింద తప్ప ఇంకెక్కడా దొరకదు. అలాంటి చోట మనిషికి నీళ్ళు మోసే బుర్ర ఉండాలి. తీపి సొర పెంకు పల్చన, పురుగు పడుతుంది. చేదు సొర పెంకు బండ.

"తినేదానికి గాకపోతే మోసేదానికి పనికొస్తాది, ఉండనీ" అంది పుల్లమ్మ. ఆ ఒక్క మాటతో నా బతుకు నిలబడింది.

తీగ మీదనే ముదిరాను. కింద పెద్ద పొట్ట, పైన చిన్న పొట్ట, మధ్యలో తాడు కట్టడానికి వీలుగా సన్నటి నడుము. పుల్లమ్మ నన్ను కోసి కొట్టం మీద ఎండబెట్టింది. లోపల గింజలు గలగలమనేదాకా ఆగి, మూతి కోసి, గులకరాళ్ళూ నీళ్ళూ పోసి ఊపి ఊపి లోపలి పీచంతా రాల్చింది. చేదు విరగడానికి నీళ్ళు పోయడం, పారబోయడం, మళ్ళీ పోయడం. ఒకనాడు తానే ఒక గుక్క తాగి చూసి, తూ అని ఉమ్మేసి, నేనేదో కావాలని చేసినట్టు నా వైపు గుర్రుగా చూసింది. ఇంకొన్నాళ్ళు నానబెట్టింది. చివరికి గోగునారతో వల అల్లి, బెండుతో బిరడా చేసి, మొగుడి భుజానికి తగిలించింది.

మద్దిలేటి వీపు మీద వేలాడుతూ ఆ కొండల దారులన్నీ తిరిగాను. దారులంటే మనుషులు వేసినవి కావు. గొర్రె కాళ్ళు పడీ పడీ బండ నునుపెక్కితే అదే దారి. ఎర్రటి పరుపుబండల మీదుగా పోతూ పోతూ ఉంటే, ఉన్నట్టుండి కాళ్ళ ముందు నేల ఆగిపోతుంది. కింద గండి. ఎవరో రాళ్ళను పేర్చి గోడలు కట్టినట్టు రెండు వైపులా నిట్టనిలువు కొండలు, వాటి నడుమ పెన్నేరు. వానాకాలంలో ఎర్రమట్టి నీళ్ళతో రొద పెడుతుంది. ఎండాకాలంలో ఇసుక మీద అక్కడొక మడుగు, ఇక్కడొక మడుగు మిగిల్చి ఎటో వెళ్ళిపోతుంది. బండ సందుల్లో తేనెపట్లు. కొండ పగులులో ఎక్కడో ఒకచోట చల్లటి నీటి దోన. ఆ దోనలో నన్ను ముంచినప్పుడు బుడబుడమని ఊపిరి వదిలి నీళ్ళు తాగేవాణ్ణి. అంతకంటే పెద్ద సుఖం నాకు తెలియదు.

నేను ఆ ఇంటి నుంచి బయటపడడానికి కారణం ఒక ప్లాస్టిక్ సీసా.

ఒక చలికాలం మధ్యాహ్నం గండి అంచున ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు. ఒకామె పొడుగ్గా, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, కాళ్ళకు తెల్లటి గుడ్డబూట్లు వేసుకుని ఉంది. టౌన్లో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు, పేరు దస్తగిరమ్మ. రెండో ఆమె పొట్టిగా, బొద్దుగా, ఎక్కడ కాలు పెట్టాలన్నా ఒకటికి రెండుసార్లు చూసుకుంటూ వచ్చింది. ఆమె మిషన్ ఆస్పత్రిలో నర్సు ఎస్తేరమ్మ. ఇద్దరి దగ్గరా ఉన్న నీళ్ళు అయిపోయాయి. మద్దిలేటి నన్ను వాళ్ళకిచ్చాడు.

దస్తగిరమ్మ ఒక గుక్క తాగి ఆగింది. "ఇంత సల్లగ ఎట్లుండాయి?" అంది ఆశ్చర్యంగా. ఇంకో గుక్క తాగింది. "ఓ అన్నా, ఈ బుర్ర నాకిస్తావా?"

"మా ఆడది తంతాదమ్మా" అన్నాడు మద్దిలేటి. కానీ అతని చూపు ఆమె చేతిలోని ఖాళీ సీసా మీద ఉంది. ఆకుపచ్చ రంగు ప్లాస్టిక్ సీసా, మూతకు గ్లాసు, పట్టుకోవడానికి పట్టీ. ఆ కాలంలో ఆ కొండపల్లెల్లో అలాంటిది ఎవరి దగ్గరా లేదు. కాసేపటికి సీసా అతని భుజానికి, నేను ఆమె భుజానికి మారాం. ఎదుటివాళ్ళను బాగా మోసం చేశామన్న సంతోషంతో ఇరుపక్కలవాళ్ళూ వెళ్ళిపోయారు. మనుషుల బేరాల్లో ఇంత న్యాయంగా జరిగింది నేను మళ్ళీ చూడలేదు.

దస్తగిరమ్మకు నడక పిచ్చి ఊరికే పట్టింది కాదు. వాళ్ళ నాయన బడేసాబు దూదేకేవాడు. భుజం మీద ఏకుడు విల్లు వేసుకుని, పరుపులు కుట్టే ఊళ్ళు వెతుక్కుంటూ, ఎండాకాలం పెన్నేటి ఇసుకలోనే గండి పొడవునా నడిచి అవతలి సీమకు పోయేవాడట. తిరిగొచ్చాక కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. "గండి అయిపోయేకాడ కొండలు రెండూ పక్కకి జరిగి దారిస్తాయి బిడ్డా. అంతసేపు ఎర్రబండలే సూసిన కండ్లకు ఒకేసారి వరిమళ్ళ పచ్చదనం కొడతాది. నిలబడిపోతాం." ఆయన పోయాక ఆ విల్లు ఏమైందో తెలియదు గానీ ఆ మాట కూతురిలో ఉండిపోయింది. తానూ కాలినడకన ఆ గండి మొత్తం నడవాలి, నాయన నిలబడిన చోట నిలబడాలి. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోయి, పిల్లలు లేక, సెలవు దినాల్లో ఏం చేయాలో తోచని మనిషికి అదొక లక్ష్యమైంది.

ఎస్తేరమ్మ స్నేహం కలిసింది కూడా ఆ కొండల వల్లనే. ఒకసారి దస్తగిరమ్మ కాలు బెణికి ఆస్పత్రికి పోతే కట్టుకట్టింది ఎస్తేరమ్మ.

"ఎట్ల బెణికింది?"

"కొండెక్కినా."

"ఎందుకెక్కినావక్కా?"

"పైనుంచి ఎట్లుంటాదో సూద్దామని."

ఎస్తేరమ్మకు నవ్వొచ్చింది. ఇంట్లో లారీ మెకానిక్ మొగుడు, ఇద్దరు పిల్లలు, మంచానపడ్డ అత్త. ఆస్పత్రిలో రోగులు. పైనుంచి ఏదైనా చూడడానికి ఒక మనిషి నడిచిపోవచ్చన్న సంగతే ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. "ఈసారి పోయేటప్పుడు నన్ను పిల్చుకోని పో" అంది, మాటవరసకు. దస్తగిరమ్మ మాటవరస మాటల్ని నమ్మే మనిషి. కట్టు విప్పిన వారానికే వాళ్ళ గడప ముందు నిలబడింది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి నెలకోసారి వాళ్ళిద్దరి నడుమ నేను కొండలు తిరిగాను. ముందు దస్తగిరమ్మ, వెనక ఎస్తేరమ్మ. నన్ను మోసే పని ఎస్తేరమ్మది. ఊళ్ళో జనం నవ్వారు. "కట్టెలకు గాదు, కాయలకు గాదు, ఇద్దరాడోళ్ళు ఊరికే కొండెక్కి దిగుతాండారంట" అని వింతగా చెప్పుకున్నారు. అవసరం ఉంటే కొండను తవ్వి ఎత్తుకుపోయినా అడగని మనుషులకు, అవసరం లేకుండా ఎవరైనా కొండను చూస్తే అనుమానం వస్తుంది. వాళ్ళిద్దరూ పట్టించుకోలేదు. బండ మీద కూర్చుని రాగిసంకటి ముద్ద, ఊరిమిండి పచ్చడి తినేవాళ్ళు. ఎస్తేరమ్మ చర్చి పాటలు పాడేది. గొంతు గొప్పది కాదు కానీ గండి గోడలు ఆ పాటను రెండుసార్లు తిప్పి పంపేవి. అది విని ఆమే మురిసిపోయేది.

గండి మొత్తం నడవాలన్న మాట ప్రతి ఎండాకాలం వచ్చేది. ప్రతి ఎండాకాలం ఏదో ఒకటి అడ్డం పడేది. ఎస్తేరమ్మ అత్త పోయింది. పెద్దపిల్ల పదోతరగతి. దస్తగిరమ్మను వేరే ఊరికి బదిలీ చేశారు, తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. "గండి యాడికి పోతాది మే, వచ్చే ఏడు పోదాంలే" అనుకునేవాళ్ళు. నాకూ అదే నమ్మకం. కొండలు ఎక్కడికీ పోవని నేనూ అనుకున్నాను.

అవి పోలేదు. నీళ్ళే వచ్చాయి. గండి కింద ఆనకట్ట పని పూర్తయిందని, ఈ వానాకాలం తలుపులు దించుతారని కబురొచ్చింది. దించితే గండిలోని దారి కొండ సగం దాకా మునిగిపోతుంది.

ఆ రోజు దస్తగిరమ్మ బడి నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చింది. "ఎస్తేరూ, ఈ ఎండాకాలం పోకపోతే ఇంగ లేదు" అంది. ఎస్తేరమ్మ సెలవు పెట్టింది. అప్పటికి ఇద్దరికీ తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఎస్తేరమ్మకు మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి, చెప్పలేదు.

మేం బయలుదేరాం. మొదటి పూట పండగలా గడిచింది. మద్దిలేటి ఎప్పుడో చూపించిన పగులులోంచి గండిలోకి దిగి, పెన్నేటి ఇసుకలో నడిచాం. దాహమైతే ఇసుకలో చెలమ తవ్వుకోవడం, తేటనీళ్ళు ఊరేదాకా కూర్చోవడం. రాత్రి ఒక పరుపుబండ మీద పడుకుని, తెల్లారకముందే లేచి మళ్ళీ నడక. ఎక్కడెక్కడ నాయన ఆగి ఉంటాడో ఊహిస్తూ దస్తగిరమ్మ చిన్నపిల్లలా మాట్లాడుతూనే ఉంది. చివరి చెలమలో నన్నూ, ఆమె దగ్గరున్న ప్లాస్టిక్ క్యానునూ నింపారు. అక్కడి నుంచి ఇసుక లేదు. అంతా బండ.

పొద్దు బారెడెక్కేసరికి ఒక పెద్ద మడుగు అడ్డం వచ్చింది. గోడ నుంచి గోడకు నల్లటి నీళ్ళు. ఎక్కడి నుంచి పడిందో, ఒక అడవిపంది చచ్చి ఉబ్బి తేలుతోంది. ఆ వాసనకు ముక్కు మూసుకోవలసి వచ్చింది. "ఈ నీళ్ళు ఒక సుక్క నోట్లో పడినా మా ఆస్పత్రిలో మంచమెక్కాల్సిందే" అంది ఎస్తేరమ్మ. మడుగు పక్కన గోడకు ఆనుకుని, మనిషి ఒత్తిగిలి పోగలిగినంత బండఅంచు ఉంది. బడేసాబు విల్లు ఎత్తి పట్టుకుని పోయింది ఆ అంచు మీదుగానే అయి ఉంటుంది.

దస్తగిరమ్మ గోడకు అరచేతులానించి, పక్కకి పక్కకి జరుగుతూ దాటేసింది. అవతల వంపు దగ్గర నిలబడి అరిచింది. "ఎస్తేరూ! ఎలుతురు కనపడతాంది మే! గండి అయిపాయ! రా, రా!" ఆ గొంతులో ఉన్న సంతోషాన్ని నేను ముందెప్పుడూ వినలేదు.

నన్ను భుజాన వేసుకుని ఎస్తేరమ్మ అంచు మీద కాలు పెట్టింది. కొంత దూరం వచ్చింది. కింద నల్లనీళ్ళను చూసింది. అంతే, ఆగిపోయింది. ముందుకు రాలేదు, వెనక్కు పోలేదు. ఆమె గుండె నా పెంకుకు తగిలి కొట్టుకుంటోంది.

"నావల్ల గాదక్కా."

"కిందికి సూడొద్దు. నన్ను సూడు."

"నావల్ల గాదంటే ఇనపడదా?"

దస్తగిరమ్మ అంచు మీద వెనక్కి వచ్చి చెయ్యి చాచింది. ఎస్తేరమ్మ ఒక్కసారిగా ఆ చేతిని పట్టుకుని లాగింది. ఆ కుదుపుకు దస్తగిరమ్మ భుజం మీది క్యాను జారి మడుగులో పడింది. ఇద్దరూ పడబోయి గోడకు అతుక్కుని నిలబడ్డారు. అప్పుడన్నది ఎస్తేరమ్మ ఆ మాట. భయంలో అన్నది. అయినా అన్నది.

"నీకేమక్కా! పిల్లా జెల్లా ఉండారా నీకు? నువ్వు సచ్చినా అడిగేటోళ్ళు లేరు. నా బిడ్డలు ఏం గావాల?"

ఆ గండిలో ఏ శబ్దమైనా రెండుసార్లు తిరిగి వస్తుంది. ఆ మాటా తిరిగి వచ్చింది. అది పూర్తిగా ఆగిపోయేదాకా ఉండి, దస్తగిరమ్మ "సరే మే. ఎనక్కి పోదాం. మెల్లగ కాలు జరుపు" అంది.

వెనుక ఉన్న చెలమ చాలా దూరం. దగ్గర దారి ఒకటే, గోడ పగులులోంచి మేకలదారిన పైకెక్కి, పరుపుబండలు దాటి, బస్సు రోడ్డుకు చేరడం. నట్టెండలో ఆ దారి పట్టాం. ఇద్దరికీ కలిపి నీళ్ళంటూ మిగిలింది నా కడుపులో ఉన్నవే. అవీ నిండుగా లేవు.

ఆ బండల మీద ఎండ కింది నుంచి కూడా కొడుతుంది. ఒక రాతి నుంచి ఇంకో రాతి దాకా పోవడం, నిలబడడం. ఆగినప్పుడల్లా ఎస్తేరమ్మ బిరడా తీసి తాగి నన్ను దస్తగిరమ్మకు అందించేది. దస్తగిరమ్మ తల పైకెత్తి నన్ను నోటికి పెట్టుకునేది. గొంతు కదిలించేది. మూతి తుడుచుకునేది. తిరిగి ఇచ్చేది.

నా నోటికి ఆమె పెదవులు తగిలేవి. ఎండి, పగిలి, గరుకుగా ఉండేవి. పెదవులు మూసే ఉండేవి. ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదు. ఆ దారి పొడవునా అంతే. మొదటిసారి పొరపాటనుకున్నాను. తర్వాత తెలిసింది. నేను అరవగలిగి ఉంటే ఆ బండలు పగిలేలా అరిచేవాణ్ణి. బుర్రకు మూతి ఉంటుంది గానీ మాట ఉండదు.

రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడకు చేరేసరికి దస్తగిరమ్మ కూర్చోబోయి పక్కకు ఒరిగిపోయింది. ఒళ్ళు కాలుతోంది. చెమట లేదు. ఎస్తేరమ్మ నర్సు. తడిగుడ్డ వేయడానికి నన్ను ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. నేను బరువుగా ఉన్నాను. ఇద్దరు తాగితే ఎప్పుడో ఖాళీ కావలసిన బుర్రలో ఇంకా నీళ్ళు కదులుతున్నాయి. ఆమె నన్ను చూసింది, స్నేహితురాలి పగిలిన పెదవుల్ని చూసింది. మిగిలిన నీళ్ళన్నీ ఆమె తల మీద పోసి, వచ్చే ట్రాక్టరుకు అడ్డంగా రోడ్డు మధ్య నిలబడింది.

ప్రాణం దక్కింది. కానీ ఒంట్లో నీళ్ళు ఇంకిపోయి కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు డాక్టరు. మిషన్ ఆస్పత్రిలోనే, ఎస్తేరమ్మ పక్కనుండగానే అడిగారాయన. "ఇద్దరూ ఒకే చోట తిరిగారు. ఒకే బుర్ర నీళ్ళు తాగారు. మరి ఈమెకే ఎందుకిట్లా అయింది?" నేను ఎస్తేరమ్మ భుజానే ఉన్నాను. ఆమె పెదవి విప్పలేదు.

ఆ సాయంత్రం ఆమె నన్ను ఇంటికి తెచ్చి వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించింది. ఆ వానాకాలం ఆనకట్ట తలుపులు దించారు. గండి నిండింది. ఇసుక, చెలమలు, నల్లమడుగు, బండఅంచు అన్నీ మునిగాయి.

దానితో పాటు వాళ్ళ స్నేహమూ మునిగింది. ఎస్తేరమ్మ ఆ వార్డు నుంచి డ్యూటీ మార్పించుకుంది. దస్తగిరమ్మ ఇంటికి పోయాక చూడటానికి పోలేదు. "అంత సోపతి చేసి, ఒగసారి పోయి సూసిరాగూడదా?" అనేవాడు ఆమె మొగుడు దానియేలు. "రేపు పోతా" అనేది. బజారులో దస్తగిరమ్మ ఎదురైతే పక్కసందులోకి తిరిగేదని ఎస్తేరమ్మ కూతుళ్ళు చెప్పుకోగా విన్నాను. తలుపు తీసినప్పుడల్లా నేను గోడకు తగిలి టక్కుమనేవాణ్ణి. ఎస్తేరమ్మ ఉలిక్కిపడేది. నన్ను పారేయలేదు, దించలేదు. కోపమైతే మనుషులు ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడుకుంటారు. సిగ్గుపడిన మనిషి మాత్రం ఎంత దగ్గరలో ఉన్నా ఎదుటపడదు. అది ఆ మేకు మీద ఉండగా నాకు తెలిసింది.

పిల్లల పెళ్ళిళ్ళయ్యాయి. దానియేలు పోయాడు. ఎస్తేరమ్మ రిటైరైంది. ఒకరోజు తన పాత ఆస్పత్రిలో పనిచేసే అమ్మాయి ఒకతె కలిసి, డ్రిల్లు టీచరు వారం వారం డయాలసిస్‌కు వస్తోందని చెప్పింది. ఎస్తేరమ్మ ఆ పూట అన్నం తినలేదు. నన్ను మేకు మీది నుంచి తీసి, దుమ్ము తుడిచి, భుజాన వేసుకుని బయలుదేరింది.

దస్తగిరమ్మను ఆమె అన్న కూతురు ఖాజాబీ చూసుకుంటోంది. వసారాలో మంచం మీద, పిల్లల్ని అదిలించిన ఆ పొడవైన మనిషి సగానికి సగం అయిపోయి ఉంది.

"ఎవురూ?"

"నేనక్కా."

"ఎస్తేరా? లోపలికి రా మే. గడపకాడ నిలబడితే ఎట్ల?"

ఎస్తేరమ్మ మంచం పక్కన కూర్చుంది. దస్తగిరమ్మ చెయ్యి చాచి నన్ను ఒళ్ళోకి తీసుకుంది. నా పెంకు మీద వేళ్ళతో నిమిరింది. "ఇది ఇంగా ఉందా! నాకిప్పుడు నీళ్ళు గుడక కొలిచి ఇస్తారు. ఇప్పుడు దీన్నిండా పోసిచ్చినా తాగకూడదంట" అని నవ్వింది.

ఆ నవ్వుకు ఎస్తేరమ్మ తట్టుకోలేకపోయింది. "అక్కా, ఆ పొద్దు నువ్వు తాగలా."

"తాగినాలే మే."

"లేదక్కా. తుమ్మచెట్టు కాడ బుర్ర ఎత్తితే బరువుండె. అప్పుడే తెలిసింది నాకు."

"అప్పుడే తెలిసుంటే అప్పుడే అడక్కపోయినావా?"

"అది అడిగితే, నేనన్న మాటకు గుడక జవాబు చెప్పాల్సి వస్తాదని... ఆ మాట అన్నదాన్ని, నీళ్ళన్నీ నేనే తాగి బతికినదాన్ని. ఏ మొగం పెట్టుకోని వస్తు నీ తాకు?"

దస్తగిరమ్మ వీధి వైపు చూసింది. "ఆ మాట అబద్ధమేం గాదు మే. నాకెవురూ లేకపోయిరి. నువ్వొగదానివి ఉంటివి, యాడికన్నా పోదాం రా అంటే వచ్చేదానివి. ఆస్పత్రిలో కండ్లు తెరిస్తే నువ్వు లేవు. ఈ పొద్దు వస్తావు, రేపు వస్తావు అని సూస్తాంటి." ఆమె ఊపిరి తీసుకుంది. "గండి పోయింది, సరే. కిడ్నీలు పోయినాయి, సరే. ఇన్నేండ్లు పోయినాయి సూడు, దానికి నాకు కోపం."

ఎస్తేరమ్మ ఏడుస్తూ ఆమె పాదాల మీద చెయ్యి వేసింది. దస్తగిరమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "అట్ల చేయొద్దు. నీకు చేతనైతే ఒగ పని చెయ్యి. నన్ను గండికి పిల్చుకోని పో."

ఖాజాబీ వద్దంది. అయినా డయాలసిస్ లేని ఒక రోజు చూసి ఆటో మాట్లాడారు. ఆనకట్ట ఒడ్డున టూరిస్టులకు ఒక హోటలు, పడవలు ఉన్నాయి. ఇద్దర్నీ పడవలో చేయిపట్టి కూర్చోబెట్టారు. నేను దస్తగిరమ్మ ఒళ్ళో ఉన్నాను. పడవ గండిలోకి పోయింది. మేం నడిచిన ఇసుక ఎక్కడో మా కింద, పచ్చని నీళ్ళ అడుగున ఉంది. గోడలు పొట్టివైపోయాయి. పడవ నడిపే అతను ఒక తాడు కట్టినచోట ఇంజను ఆపి, "ఇంతవరకేనమ్మా, అవతలికి పోనీరు" అన్నాడు.

గండి చివర ఇంకా కనిపించడం లేదు. దస్తగిరమ్మ అడగలేదు. తలెత్తి పై వైపు చూస్తోంది.

"ఎస్తేరూ, ఆ గట్టు మీద సూడు. తెల్లగ గీత మాదిరి."

"మేకలదారి."

"అది మునగలే గదా."

"లేదక్కా."

"దాని పక్కనుండే కొండగుడక మునగలే. ఆ ఎనకుండేది గుడక." ఆమె ఒక్కొక్క కొండనూ వేలితో చూపించింది. "ఇన్ని ఉండె. మనం ఒగటి పోయిందని అన్నీ ఇడిసిపెడితిమి. పిచ్చోళ్ళం మే ఇద్దరం."

ఎస్తేరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పడవ తిరిగి ఒడ్డుకు వచ్చేదాకా వదలలేదు.

హోటలు మేనేజరుకు నేను నచ్చాను. గోడకు తగిలిస్తే అందంగా ఉంటానన్నాడు. "ఇయ్యి మే, జనం పోయే దారిలో ఉంటాది" అంది దస్తగిరమ్మ. అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను, ఒక పాత బండిచక్రానికీ ఒక డప్పుకూ మధ్య. నా కింద ఒక అట్ట మీద ‘పురాతన నీటిపాత్ర’ అని రాశారు. వచ్చినవాళ్ళు నా పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. నాలో నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందో. పెంకు ఎండి నడుము దగ్గర సన్నటి చీలిక వచ్చింది.

నా ఎదురు కిటికీలోంచి ఆ గట్టు కనిపిస్తుంది. వాళ్ళిద్దరూ వస్తారేమోనని చూసేవాణ్ణి. దస్తగిరమ్మ ఇక గట్టు ఎక్కలేని మనిషని తెలుసు. అయినా కింద ఒక రాతి మీద కూర్చోవచ్చు, ఎస్తేరమ్మ పాడవచ్చు. ఒక వానాకాలం గడిచింది.

చలికాలం మొదట్లో ఒక ఉదయం ఎస్తేరమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది. కాళ్ళకు దస్తగిరమ్మ తెల్లటి గుడ్డబూట్లు ఉన్నాయి, తన పాదాలకు కొంచెం పెద్దవి. నాకు ఇంకేమీ ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. కర్ర పట్టుకుని ఆమె గట్టు ఎక్కడం కిటికీలోంచి చూశాను. కొంత ఎక్కడం, నిలబడడం. దారిలో ఒకచోట బండ పక్క మీద ఇరుకైన మలుపు ఉంది. అక్కడ చాలాసేపు ఆగింది. తర్వాత గోడకు అరచేతులు ఆనించి, పక్కకి పక్కకి జరుగుతూ దాటింది. ఆ తర్వాత నాకు కనిపించలేదు.

ఎండ ముదిరాక దిగి వచ్చింది. హాల్లో కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగింది. గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, నా వైపు చూసింది. నన్ను తిరిగి ఇమ్మని అడగలేదు.

"పైదాకా పోయినారా అవ్వా?" అన్నాడు మేనేజరు.

"పోయినా నాయనా."

"గండి ఆ చివర కనపడిందా? బలే ఉంటాదంట."

"కనపడింది. రెండు కొండలు పక్కకి జరిగి ఉండాయి. అవతలంతా పచ్చగ ఉంది." ఆమె గ్లాసును బల్ల మీద పెట్టింది. "చెప్పేదానికి మనిషి లేదు."